చంటిబిడ్డ కంటికి ఆపరేషనా? అవును, ఇప్పుడే

పిల్లలకు వచ్చే గ్లాకోమాలో వైద్యం ఆపరేషనుతోనే మొదలవుతుంది. కంటి లోపల ఒత్తిడి పెరిగి కంటి నరాన్ని నలిపే, మన పత్రికలు నీటికాసులు అని రాసే ఈ జబ్బుకు పెద్దవాళ్ళ విషయంలో మనకు తెలిసిన చికిత్సా క్రమమంతా పసిబిడ్డ దగ్గర తారుమారవుతుంది. అరవై ఏళ్ళ మనిషికి డాక్టరు ముందుగా చుక్కల మందు రాస్తారు, అది చాలకపోతే రెండోది కలుపుతారు, అవసరమైతే లేజర్ చేస్తారు, సాధారణంగా ఇవన్నీ అయ్యాకనే ఆపరేషను మాట ఎత్తుతారు. రెండు నెలల బిడ్డకు ఈ జబ్బని తేలితే మాత్రం, చుక్కల మందు ఆపరేషను జరిగే రోజుదాకా కంటి ఒత్తిడిని కాస్త అదుపులో ఉంచడానికీ, నల్లగుడ్డు మీది మసక కొంత విడవడానికీ మాత్రమే పనికివస్తుంది. ఈ సంగతి తెలియని కుటుంబాలూ, కొన్నిసార్లు తెలిసి ఉండవలసిన వైద్యులూ కూడా "ఇంత పసిగుడ్డుకు మత్తు ఎలా ఇస్తారు, కాస్త ఒళ్ళు పట్టనివ్వండి, ఏడాది నిండాక చేయిద్దాం" అంటారు. బిడ్డ పదిహేనేళ్ళదయ్యేసరికి అదే మాట "పరీక్షలయ్యాక చేయిద్దాం" అని మారుతుంది. ఈ రెండు వాయిదాలకూ వ్యతిరేకంగానే ఈ వ్యాసం రాస్తున్నాను.

నేను వైద్యుణ్ణి కాను. మా అమ్మాయికి గ్లాకోమా పుట్టుకతో వచ్చింది. మూడో నెలలో రెండు కళ్ళకూ ఒకే రోజున ఆపరేషను జరిగింది, పదో తరగతిలో ఉండగా ఎడమ కంటికి, లోపలి ద్రవాన్ని బయటికి పంపే ట్యూబు వేశారు. ఇప్పుడు ఇంటర్మీడియెట్ చదువుతోంది, అద్దాలు పెట్టుకుని ముందు వరసలో కూర్చుంటే బోర్డు మీది అక్షరాలు చదవగలదు. ఇన్నేళ్ళలో ఆసుపత్రి వరండాల్లో ఎందరో తల్లిదండ్రులు పరిచయమయ్యారు. వారి పిల్లల్లో చూపు నిలిచినవారికీ నిలవనివారికీ మధ్య నాకు ఎక్కువగా కనిపించిన తేడా, సరైన చోటికి ఎన్నో నెలలో చేరారన్నదే. ఒక తండ్రి కళ్ళతో చూసినది శాస్త్రం కాజాలదు కనుక, చదివి, మా డాక్టర్లను అడిగి సరిచూసుకున్న సంగతుల మీదనే ఈ వాదనను నిలబెడతాను.

కంటి లోపల ఒక స్వచ్ఛమైన ద్రవం రాత్రింబవళ్ళు ఊరుతూనే ఉంటుంది. ముందు భాగంలో ఉండే పారదర్శకమైన కార్నియా, దాని వెనుక రంగు పొర అయిన ఐరిస్ కలిసే మూలలో సన్నని రంధ్రాల కణజాలం ఒకటి ఉంటుంది. ద్రవం అందులోంచి ష్లెమ్ కాలువ అనే వలయంలోకి ఇంకి, అక్కడి నుంచి రక్తంలో కలుస్తుంది. గర్భంలో ఈ మూల పూర్తిగా ఏర్పడకుండానే ఆగిపోతే ద్రవం ఊరడం ఆగదు, బయటికి పోవడం మాత్రం కుంటుపడుతుంది. తూము పూడిన చెరువులో నీటి బరువంతా కట్ట మీద పడ్డట్టు, ఆ ఒత్తిడి కంటి గోడల మీదా, వెనుక ఉన్న కంటి నరం మీదా పడుతుంది. పెద్దవాళ్ళ కంటి గోడ గట్టిది కనుక సాగదు, నరం ఒక్కటే నలుగుతుంది. సుమారు మూడేళ్ళలోపు పిల్లల కంటి గోడ మెత్తనిది కనుక కన్ను మొత్తం సాగి పెద్దదవుతుంది. కార్నియా లోపలి పొరలో చీలికలు పడి నీరు చేరుతుంది, నల్లగుడ్డు నీలిమసకగా మారుతుంది. అప్పుడే పుట్టిన బిడ్డ కార్నియా అడ్డుకొలత దాదాపు 10 మిల్లీమీటర్లు ఉంటుంది, 11 దాటితే అనుమానించాలి. ఏడాదిలోపు 12 దాటితే గ్లాకోమా కాదని పరీక్షించి తేల్చుకునేదాకా నిద్రపోకూడదు.

ఇక్కడే మన ఇళ్ళలో ఒక విషాదం జరుగుతుంది. పెద్ద కళ్ళు మనకు అందం. కలువ రేకుల కళ్ళని మురిసిపోతాం, దిష్టి తగలకుండా చుక్క పెడతాం, వచ్చినవాళ్ళంతా ఆ కళ్ళనే మెచ్చుకుని వెళతారు. బిడ్డ వెలుతురుకు కళ్ళు గట్టిగా మూసుకుంటే నిద్రమత్తు అనుకుంటాం. ఎండలోకి తీసుకువెళ్ళగానే ముఖం తల్లి భుజంలో దాచుకుంటే సిగ్గు అనుకుంటాం. కళ్ళ వెంట నీరు కారితే ఆముదం చుక్కో, తల్లిపాల చుక్కో వేస్తాం. ఇంట్లోవాళ్ళను తప్పుపట్టడానికి ఇదంతా రాయడం లేదు. మా ఊళ్ళో మేము చూపించిన వైద్యుడే, కన్నీటి గొట్టం మూసుకుపోయి ఉంటుందనీ, ముక్కు పక్కన వేలితో రుద్దితే ఏడాదిలోగా అదే సర్దుకుంటుందనీ చెప్పి పంపారు. కన్నీటి గొట్టం మూసుకుపోవడం పసిపిల్లల్లో నిజంగానే చాలా మామూలు కనుక ఆ ఊహ వింతది కాదు. కానీ కన్నీటి గొట్టం సమస్య ఉన్న బిడ్డ కంట్లో పుసి చేరుతుంది, వెలుతురును చూసి మాత్రం భయపడదు, నల్లగుడ్డు మసకబారదు. ఈ తేడాను కనిపెట్టడానికి చిన్న టార్చి లైటూ, ఒక నిమిషం ఓపికా చాలు. మా అత్తగారు మాత్రం "నీరు కారడం సరే, దీపం వెలిగిస్తే బిడ్డ కళ్ళు ఎందుకు బిగిస్తోంది?" అని పట్టుబట్టడం వల్లనే మేము హైదరాబాదు బస్సు ఎక్కాం.

ఇది అరుదైన జబ్బే, అయితే మన నేల మీద మరీ అంత అరుదు కాదు. పాశ్చాత్య దేశాల్లో సుమారు పదివేల జననాలకు ఒకటిగా చెప్పే పుట్టుకతో వచ్చే గ్లాకోమా, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 3,300 జననాలకు ఒకటి చొప్పున ఉందనీ, పిల్లల అంధత్వంలో 4.2 శాతానికి అదే కారణమనీ ఇక్కడ జరిపిన అధ్యయనాలు అంచనా వేశాయి. సివైపి1బి1 అనే జన్యువులోని లోపాలు ఈ జబ్బుకు కారణమని 1997లో కనుగొన్నారు. మన దేశపు పిల్లల్లో అందరిలో కాకపోయినా గణనీయమైన భాగంలో అవే లోపాలు కనిపించాయి. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, రెండు లోపభూయిష్టమైన ప్రతులూ వచ్చినప్పుడే జబ్బు బయటపడుతుంది. మేనమామకో, మేనత్త కొడుక్కో పిల్లనిచ్చే ఆచారం ఉన్న మన ప్రాంతంలో ఈ రెండు ప్రతులూ కలుసుకునే అవకాశం పెరుగుతుంది. మాది మేనరికం కాదు, అయినా వచ్చింది. కనుక మేనరికం చేసుకున్న దంపతులను వేలెత్తి చూపే హక్కు ఎవరికీ లేదు. కానీ మేనరికపు ఇంట్లో ఒక బిడ్డకు ఈ జబ్బు వచ్చాక తరువాతి బిడ్డ విషయంలో ఊరుకోవడం మాత్రం తగదు. ఈ జన్యు లోపం ఉన్న కుటుంబంలో ప్రతి కాన్పుకూ నాలుగింట ఒక వంతు ముప్పు ఉంటుంది. తమ్ముడో చెల్లెలో పుట్టిన మొదటి వారంలోనే కంటి డాక్టరుకు చూపించడానికి కాన్పుకు ముందే ఏర్పాటు చేసుకోవాలి.

ఇక ఆపరేషను సంగతి. దీన్ని వివరంగా రాయడానికి కారణం ఉంది. ఏం చేస్తారో తెలియని చోటే భయం పెరుగుతుంది. వార్డులో నాకు కనిపించిన తండ్రుల్లో చాలామంది, కనుగుడ్డును బయటికి తీసి మళ్ళీ పెడతారనే నమ్ముతూ సంతకం చేశారు. అలాంటిదేమీ జరగదు.

పందొమ్మిదో శతాబ్దం చివర ఇటలీలో కార్లో డి విన్సెంటిస్ కంటి మూలను లోపలి నుంచి కోసే ప్రయత్నం చేశాడు, కానీ ఆ మూలను కళ్ళతో చూస్తూ కోసే సాధనం ఆయనకు లేదు. 1930ల చివర సాన్ ఫ్రాన్సిస్కోలో ఓటో బార్కన్ ప్రత్యేకమైన కటకం కంటి మీద ఉంచి, ఆ మూలను నేరుగా చూస్తూ, సన్నని కత్తితో పూడిన కణజాలాన్ని గీసి తెరిచాడు. అదే గోనియోటమీ. అంతకుముందు చాలామంది పిల్లలు గుడ్డివారయ్యే ఈ జబ్బులో చూపు దక్కించవచ్చని రుజువు చేసిన ఆపరేషను అది. దానికి ఒక షరతు ఉంది. కార్నియా స్వచ్ఛంగా ఉంటేనే డాక్టరుకు లోపలి మూల కనబడుతుంది. 1960లో ఇంగ్లండులో రెడ్మండ్ స్మిత్, అమెరికాలో హెర్మన్ బురియన్ విడివిడిగా మరో దారి చూపారు. కంటి తెల్లగుడ్డు వైపు నుంచి ష్లెమ్ కాలువను వెతికి పట్టుకుని, అందులోకి సన్నని సాధనాన్ని పోనిచ్చి, దాన్ని లోపలికి తిప్పి పూడిన గోడను చీల్చే పద్ధతి ఇది. దీన్ని ట్రాబెక్యులాటమీ అంటారు. కార్నియా మసకగా ఉన్నా దీన్ని చేయవచ్చు. ఇక 1968లో కెయిర్న్స్ వివరించిన ట్రాబెక్యులెక్టమీ అసలు దారిని వదిలి కొత్త దారి వేస్తుంది. తెల్లగుడ్డులో చిన్న మూత లాంటి పొర లేపి, దాని కింద రంధ్రం చేసి, ద్రవం తెల్లగుడ్డును కప్పి ఉండే పలుచని పైపొర కిందికి చేరేటట్టు చేస్తారు. అక్కడ ఏర్పడే చిన్న ఉబ్బును బ్లెబ్ అంటారు. అది పైరెప్ప కింద దాగి ఉంటుంది.

మన దేశంలో బిడ్డలు ఆసుపత్రికి చేరేసరికి చాలామందిలో కార్నియా తెల్లబడి ఉంటుంది, జబ్బు ముదిరి ఉంటుంది. ఈ వాస్తవాన్ని ఎదురుగా పెట్టుకుని హైదరాబాదులోని ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థలో డాక్టర్ అనిల్ కుమార్ మండల్, ట్రాబెక్యులాటమీనీ ట్రాబెక్యులెక్టమీనీ ఒకే సిట్టింగులో కలిపి మొదటి ఆపరేషనుగానే చేసే పద్ధతిని ఏళ్ళ తరబడి పెంపొందించి, ఫలితాలను ప్రచురించారు. పుట్టిన నెలలోపు బిడ్డలకు చేసిన ఆపరేషన్ల మీదా, రెండు కళ్ళకూ ఒకే మత్తులో చేయడం మీదా ఆయన బృందం రాసిన పత్రాలు ఉన్నాయి. ఆయనకు 2003లో వైద్య శాస్త్రంలో శాంతి స్వరూప్ భట్నాగర్ పురస్కారం లభించింది. ఈ రంగంలో ప్రపంచం చదివే పని మన నగరంలో జరిగింది. అయినా ఆ నగరానికి రాత్రి ప్రయాణమంత దూరంలో ఉన్న ఊళ్ళలో నేటికీ "ఏడాది నిండనివ్వండి" అనే సలహా వినబడుతోంది. నన్ను ఎక్కువగా బాధించేది ఇదే.

ఈ కలయిక పద్ధతిని అందరూ ఒప్పుకోరు. తేలికపాటి జబ్బుకు ముందు మూలను తెరిచే ఆపరేషను ఒక్కటే చేయాలనీ, బ్లెబ్ ఏర్పడితే జీవితాంతం దానికి ఇన్ఫెక్షను భయం ఉంటుందనీ, పైపొరను ముందే వాడేస్తే రేపటి ఆపరేషనుకు చోటు తగ్గుతుందనీ వాదించే నిపుణులు ఉన్నారు. ఆ వాదనలో బలం ఉంది. ఆరు నెలల వయసులో స్వచ్ఛమైన కార్నియాతో వచ్చిన బిడ్డకు అది సరైనదే కావచ్చు. నల్లగుడ్డు తెల్లబడి, మళ్ళీ మళ్ళీ రావడానికి దారిఖర్చులు కూడా లేని కుటుంబం నుంచి వచ్చిన బిడ్డకు, ఒక్క మత్తులో రెండు దారులూ తెరవడమే న్యాయమని నేను అనుకుంటాను. దీన్ని తేల్చవలసింది బిడ్డ కంటిని చూసిన సర్జను. తల్లిదండ్రులు అడగవలసిన ప్రశ్న ఒకటుంది: "మా బిడ్డకు ఈ పద్ధతే ఎందుకు ఎంచుకున్నారు?" మంచి డాక్టరు ఆ ప్రశ్నకు నొచ్చుకోరు.

మత్తు భయం గురించి కొంచెం నిలిచి చెప్పాలి. అది మూఢనమ్మకం కాదు, అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ కూడా 2016లో మూడేళ్ళలోపు పిల్లలకు పదే పదే గానీ, మూడు గంటలకు మించి గానీ మత్తు ఇస్తే మెదడు ఎదుగుదల మీద ప్రభావం పడవచ్చని హెచ్చరించింది. అయితే తప్పనిసరి ఆపరేషన్లను ఆ కారణంతో ఆపవద్దని కూడా అదే సంస్థ స్పష్టం చేసింది. 2019లో లాన్సెట్ పత్రికలో వచ్చిన అంతర్జాతీయ అధ్యయనం, పసితనంలో గంటలోపు ఒకసారి మత్తు తీసుకున్న పిల్లలను ఐదేళ్ళ వయసులో పరీక్షించి, మత్తు లేకుండా నడుము దగ్గర ఇంజెక్షనుతో ఆపరేషను చేయించుకున్న పిల్లలతో పోలిస్తే తెలివితేటల్లో తేడా లేదని చూపింది. ఈ రెండిటినీ కలిపి చదివితే తేలేది, మత్తు ఇవ్వవలసిన సార్లను తగ్గించుకోవాలనే. పరీక్షనూ ఆపరేషనునూ ఒకే మత్తులో ముగించడం, రెండు కళ్ళకూ ఒకే రోజున వేరువేరు పరికరాలతో, ఒక కంటి నుంచి రెండో కంటికి ఏదీ సోకకుండా చేయడం, ఆ తరువాత వీలైనప్పుడల్లా మత్తు లేకుండానే ఒత్తిడి కొలిచే ఐకేర్ వంటి పరికరాలు వాడడం ఇందుకోసమే. పాలు తాగే బిడ్డకు ఆపరేషనుకు నాలుగు గంటల ముందు తల్లిపాలు ఆపమంటారు. ఏడుస్తోందని జాలిపడి ఎవరైనా పాలు పట్టిస్తే ఆపరేషను వాయిదా పడుతుంది. ఆ నాలుగు గంటలూ బిడ్డను ఎత్తుకుని తిప్పడానికి తల్లితోపాటు మరొకరు ఉండాలి.

మరోవైపు, ఆపరేషనుకు బదులు చుక్కల మందుతోనే నెట్టుకొద్దామనే ఆలోచన మత్తు కంటే ప్రమాదకరం కావచ్చు. బ్రిమోనిడిన్ అనే మందు పెద్దలకు రోజూ రాసేదే. రెండేళ్ళలోపు బిడ్డకు వేస్తే నిద్రమత్తులోకి జారి ఊపిరి మందగించే ప్రమాదం ఉంది కనుక ఆ వయసులో అది నిషిద్ధం. టిమోలాల్ అనే మరో చుక్కల మందు గుండె వేగాన్ని తగ్గించగలదు, ఉబ్బసం ఉన్న బిడ్డకు ఊపిరి బిగించగలదు. ఇంట్లో తాతగారికి రాసిన సీసాలోంచి బిడ్డకు ఒక చుక్క వేసిన సంఘటన నాకు తెలుసు. దేవుడి దయవల్ల బిడ్డ బతికింది.

ఆపరేషను బాగా జరిగాక తల్లిదండ్రులు కుదుటపడతారు. సరిగ్గా అక్కడే రెండో పని మొదలవుతుంది. ఒత్తిడి తగ్గితే కార్నియా మెల్లగా తేటపడుతుంది. చిన్నపిల్లల్లో కంటి నరం దగ్గర ఏర్పడిన గుంట కొంత తగ్గడం కూడా చూస్తారు, పెద్దవాళ్ళలో అలా జరగడం చాలా అరుదు. కానీ సాగిన కన్ను వెనక్కి ముడుచుకుపోదు. ఆ సాగుడు వల్ల మైనస్ పవరు ఎక్కువగా ఉంటుంది, కార్నియా చీలికల వల్ల సిలిండర్ పవరు కూడా తోడవుతుంది. మెదడు చూడడం నేర్చుకునే ఆ మొదటి ఏళ్ళలో బొమ్మ స్పష్టంగా అందకపోతే, ఒత్తిడి సాధారణంగా ఉన్నా, మెదడు ఆ కంటిని వాడడం మానేసే లేజీ ఐ వల్ల చూపు రాదు. ఆరు నెలల బిడ్డకు అద్దాలు పెట్టాలంటే చుట్టాలు నవ్వుతారు. మంచి కంటికి రోజూ కొన్ని గంటలు పట్టీ వేసి, బలహీనమైన కంటితో చూసేలా చేయాలంటే బిడ్డ పీకేస్తుంది. ఆ పట్టీ ఆపరేషనులో సగం అని మా డాక్టరమ్మ అన్నారు, అది అతిశయోక్తి కాదని నాకు ఇప్పుడు తెలుసు.

ఆ తరువాత బడి వయసు. ఇప్పుడు కన్ను సాగదు, నీరు కారదు, నొప్పి ఉండదు. అందుకే ఇక్కడ జబ్బు మౌనంగా పని చేస్తుంది. పసితనంలో తెరిచిన దారి ఏళ్ళు గడిచాక మూసుకుపోవచ్చు, ఎందుకంటే పిల్లల శరీరం గాయాన్ని మాన్చడంలో పెద్దల కంటే చురుకైనది. ఇలా పాత జబ్బు తిరగబెట్టినవారే కాకుండా, అంతవరకు ఏ సమస్యా లేని పిల్లల్లో పదేళ్ళ తరువాత బయటపడే జువెనైల్ గ్లాకోమా ఒకటుంది. అది కొన్ని కుటుంబాల్లో తరం తరువాత తరానికి నేరుగా సంక్రమిస్తుంది. చాలామందికి మైనస్ పవరు ఉంటుంది కనుక అద్దాల దుకాణంలో పవరు మార్చుకుని తిరిగి వచ్చేస్తారు, ఒత్తిడి ఎవరూ కొలవరు. ఎదురుగా ఉన్న బోర్డు కనబడుతూనే ఉంటుంది, పక్కచూపు మాత్రం తరిగిపోతూ ఉంటుంది.

మన రాష్ట్రాల్లో పదో తరగతి నుంచి ఇంటర్ ముగిసేదాకా పిల్లల జీవితం ఎలా ఉంటుందో అందరికీ తెలుసు. తెల్లవారుజామున స్టడీ అవర్, రాత్రి పదింటిదాకా క్లాసులు, నెలకోసారి ఇంటికి పంపే హాస్టలు. రోజుకు రెండు మూడు సార్లు చుక్కల మందు వేసుకోవలసిన పిల్ల అక్కడ దాన్ని మానేస్తుంది. మానేసిందని ఎవరికీ చెప్పదు, ఎందుకంటే చెబితే ఆసుపత్రికి తీసుకువెళతారు, క్లాసులు పోతాయి. ఒత్తిడి అదుపు తప్పిందని డాక్టరు ఆపరేషను చెబితే, "ఎంసెట్ అయ్యేదాకా మందులతో నడిపించలేరా?" అని తండ్రి బతిమాలుతాడు. ఈ దృశ్యం నేను చాలాసార్లు చూశాను. మా ఇంట్లోనూ పెద్దవాళ్ళు అదే అడగమన్నారు. ముందుగానే పాడైన నరానికి ఎక్కువ ఒత్తిడి కింద గడిచే ఆరు నెలలు చాలా పెద్ద గడువు, అందులో పోయిన చూపు ఏ ర్యాంకుతోనూ తిరిగి రాదు. పరీక్ష మళ్ళీ వస్తుంది, సప్లిమెంటరీ ఉంది, ఒక సంవత్సరం ఆగి రాసినవారు ఎందరో స్థిరపడ్డారు. ఏ కాలేజీ ప్రిన్సిపాలైనా దీనికి భిన్నంగా చెబితే తల్లిదండ్రులు వినకూడదు.

ఈ వయసులో చేసే ఆపరేషన్ల ఎంపిక వేరుగా ఉంటుంది. మూలను లోపలి నుంచి తెరిచే పద్ధతులు ఇప్పుడు మళ్ళీ ముందుకు వచ్చాయి. సన్నని దారాన్నో, కొన వెలిగే మైక్రోకాథెటర్‌నో ష్లెమ్ కాలువ చుట్టూ 360 డిగ్రీలూ తిప్పి ఒక్కసారిగా తెరవడం వాటిలో ఒకటి. పైపొరను కదిలించకుండా చేయగలిగితే రేపటి ఆపరేషనుకు చోటు మిగులుతుంది. ట్రాబెక్యులెక్టమీ చేస్తే గాయం మూసుకుపోకుండా మైటోమైసిన్ అనే మందు అద్దుతారు. అది పని చేస్తుంది, కానీ బ్లెబ్‌ను పలచబరుస్తుంది, ఎక్కువ మైనస్ పవరు ఉన్న కుర్రవాళ్ళలో ఒత్తిడి మరీ పడిపోయి చూపు చెదిరే ప్రమాదమూ ఉంది. ఇవి విఫలమైన చోటా, సరిపడని చోటా ట్యూబు వేస్తారు. కంటి లోపలి ద్రవాన్ని సన్నని సిలికాన్ గొట్టం ద్వారా వెనుక కుట్టిన పలక దగ్గరికి పంపుతారు. అహ్మద్ వాల్వ్‌లో ద్రవం మరీ వేగంగా పోకుండా కవాటం ఉంటుంది. మదురైలోని ఆరోల్యాబ్ తక్కువ ధరకు తయారుచేసే ఆడీ అనే పరికరంలో కవాటం ఉండదు కనుక, కొన్ని వారాల్లో కరిగిపోయే దారంతో గొట్టాన్ని కట్టి ఉంచుతారు. దిగుమతి పరికరం కొనలేని కుటుంబాలకు ఈ మదురై పరికరం చేసిన మేలు చాలా గొప్పది. చిన్నపిల్లలకు వేసిన ట్యూబు కన్ను పెరిగే కొద్దీ జరగవచ్చు, కార్నియాకు తగలవచ్చు, కన్ను నులిమే అలవాటున్న పిల్లల్లో పైపొర అరిగి గొట్టం బయటపడవచ్చు. అందుకే ట్యూబు వేశాక వెళ్ళే చెకప్‌లను ఒక్కటి కూడా వదలకూడదు.

పూర్తిగా మనుషుల చేతుల మీదుగా వచ్చే గ్లాకోమా ఒకటుంది, దాని గురించి రాయకుండా ఉండలేను. మన ఎండల్లో, దుమ్ములో ఐదారేళ్ళ నుంచి పిల్లలకు, ముఖ్యంగా మగపిల్లలకు, కళ్ళు విపరీతంగా దురదపెట్టే అలర్జీ వస్తుంది. స్టెరాయిడ్ చుక్కలు వేస్తే ఒక్క రోజులో హాయిగా ఉంటుంది. డాక్టరు రెండు వారాలకు రాసిన సీసాను మందుల షాపులో అదే పేరు చెప్పి ఏళ్ళ తరబడి కొంటారు. ఆ చుక్కలు కొందరు పిల్లల్లో ద్రవం పోయే దారిని మూసి ఒత్తిడిని పెంచుతాయి. కన్ను తెల్లగా, హాయిగా ఉంటుంది, లోపల నరం చచ్చిపోతూ ఉంటుంది. మందు ఆపితే కొందరిలో ఒత్తిడి దిగుతుంది, దిగనివారికి పన్నెండేళ్ళ వయసులో కత్తి తప్పదు. దురదకు సైక్లోస్పోరిన్, టాక్రోలిమస్ వంటి ప్రత్యామ్నాయాలు ఉన్నాయి. చీటీ లేకుండా అమ్మకూడని మందును చీటీ లేకుండా అమ్మడం నేరమని చట్టమే చెబుతోంది. దాన్ని అమలు చేయవలసిన ఔషధ తనిఖీ అధికారులు ఈ ఒక్క సీసా మీద దృష్టి పెట్టినా ఎందరో పిల్లల చూపు దక్కుతుంది.

ప్రభుత్వాల విషయానికి వస్తే, కంటి పరీక్షలకు మన రెండు రాష్ట్రాలూ చేసిన పని చిన్నది కాదు. తెలంగాణలో 2018లో కంటి వెలుగు మొదలైంది, ఆంధ్రప్రదేశ్‌లో 2019లో మొదలైన కార్యక్రమం బడిపిల్లలతోనే ప్రారంభమైంది. కానీ పుట్టుకతో వచ్చిన గ్లాకోమాను బడిలో కనిపెడితే అప్పటికే చాలా ఆలస్యం. 2013లో కేంద్రం ప్రారంభించిన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం వెతకవలసిన పుట్టుక లోపాల మొదటి జాబితాలో శుక్లం ఉంది, నెలలు నిండని బిడ్డల రెటీనా జబ్బు ఉంది, గ్లాకోమా లేదు. దీన్ని చేర్చడానికి కొత్త యంత్రాలు అక్కరలేదు. ప్రతి బిడ్డా ఆరు, పది, పద్నాలుగు వారాలకు టీకా కోసం ఏఎన్ఎం దగ్గరికి వస్తుంది. మన రాష్ట్రాల్లో టీకాలు వేయించని ఇల్లు తక్కువ. సూది వేసే ముందు టార్చి వెలిగించి, బిడ్డ వెలుతురుకు కళ్ళు బిగిస్తోందా, నల్లగుడ్డు మసకగా ఉందా, ఒక కన్ను రెండోదానికంటే పెద్దదిగా ఉందా అని చూసి, అనుమానం ఉంటే అదే వారంలో జిల్లా కేంద్రానికి పంపే చీటీ రాయడం ఒక రోజు శిక్షణతో నేర్పగలిగిన పని. ఆ మూడు సందర్శనలూ సరిగ్గా ఆపరేషను బాగా ఫలించే నెలల్లోనే పడతాయి. అది ఎవరూ ప్రణాళిక వేయకుండానే మనకు దొరికిన అదృష్టం, దాన్ని వాడుకోకపోవడం క్షమించరానిది.

చివరగా, పద్దెనిమిది నిండబోయే పిల్లల తల్లిదండ్రులకు ఒక మాట. మన పిల్లలు ఇంజినీరింగుకు చెన్నై, బెంగళూరు వెళతారు, అక్కడి నుంచి ఎంఎస్ కోసం అమెరికా వెళతారు. పసితనం నుంచి చూసిన డాక్టరు వెంట రారు, వారి జ్ఞాపకమూ వెంట రాదు. కొత్త డాక్టరు చేతిలో పెట్టడానికి ఒక ఫైలు తయారు చేసి, దాని ఫొటోలు పిల్లల ఫోనులో ఉంచండి. ఏ కంటికి, ఏ తేదీన, ఏ ఆపరేషను జరిగింది, మైటోమైసిన్ వాడారా, ట్యూబు ఏ కంపెనీది, కంటిలో ఏ మూలన ఉంది, ఆపరేషనుకు ముందు, తరువాత ఒత్తిడి ఎంత, ఏ మందు పడలేదు అన్నవి అందులో ఉండాలి. కార్నియా మందం కొలత కూడా ఉండాలి, మందం మారితే ఒత్తిడి అంకె తప్పుగా కనబడుతుంది. బ్లెబ్ ఉన్న కంట్లో డాక్టరును అడగకుండా కాంటాక్టు లెన్సు పెట్టుకోకూడదు. బ్లెబ్ గానీ ట్యూబు గానీ ఉన్న కన్ను ఎర్రబడి, పుసి కట్టి, నొప్పి పెడితే అది ఏ దేశమైనా, ఏ వారాంతమైనా, తెల్లారేదాకా ఆగకుండా అదే రోజు ఎమర్జెన్సీకి వెళ్ళాలి. ఈ ఒక్క వాక్యాన్ని మా అమ్మాయి చేత ఇంగ్లీషులో కూడా రాయించి ఫైలు మొదటి పేజీకి అతికించాం.